సమాధిలోని మనిషి ఎక్కడివాడు? ఐసోటోప్ పరీక్షల్లో దేన్ని ఎప్పుడు ఎంచుకోవాలి

వేల ఏళ్ళ నాటి సమాధి తెరిచి అస్థిపంజరం బయటపడగానే, తవ్వినవాళ్ళూ చూడవచ్చిన ఊరివాళ్ళూ అడిగే మొదటి ప్రశ్న ఒకటే: ఈ మనిషి ఇక్కడివాడేనా, బయటి నుంచి వచ్చినవాడా? పక్కన ఉంచిన కుండల తీరూ, ఇనుప కత్తి రూపూ, పూసల రాయీ కొంత జవాబు చెబుతాయి. అయితే వస్తువులు చేతులు మారుతూ ఎంత దూరమైనా పోగలవు కనుక, ఊరు దాటని మనిషి సమాధిలో కూడా దూరదేశపు పూస దొరకవచ్చు. మనిషి చిన్ననాట తిన్న తిండి, తాగిన నీరు మాత్రం అతని పంటిలోనే ఒక ముద్ర వదిలి వెళతాయి. ఒకే మూలకానికి చెంది, బరువులో తేడా ఉన్న పరమాణువులను ఐసోటోపులు అంటారు. అవి ఏ పాళ్ళలో ఉన్నాయో కొలిచి ఆ ముద్రను చదువుతారు.

ఈ పనికి స్ట్రాన్షియం, ఆక్సిజన్, సీసం, గంధకం, కర్బనం, నత్రజని అనే ఆరు మూలకాలు వాడుకలో ఉన్నాయి. వాటి పక్కనే డీఎన్ఏ పరీక్ష కూడా ఉంది. అన్నీ చేయించాలంటే అంత డబ్బూ ఉండదు, కోయడానికి అన్ని పళ్ళూ మిగలవు. అందువల్ల నా సలహా ముందే చెబుతాను: ఒక్క పరీక్షకే అవకాశం ఉంటే పంటి ఎనామిల్ (పంటిని కప్పే గట్టి తెల్లని పై పొర) మీద స్ట్రాన్షియం చేయించండి. రెండోది ఏదన్నది మీ ప్రశ్నను బట్టీ, మీ నేలను బట్టీ, ఎముక ఎంతవరకు నిలిచిందన్నదాన్ని బట్టీ మారుతుంది. ఇంకో మాట కూడా మొదటే చెప్పుకోవాలి. ఈ పరీక్షలు "ఇతడు ఇక్కడ పెరగలేదు" అని గట్టిగా చెప్పగలవు. "ఫలానా చోట పెరిగాడు" అని అంత గట్టిగా చెప్పలేవు. ఒకే రకం రాయి, ఒకే రకం వాన ప్రపంచంలో చాలా చోట్ల ఉంటాయి కనుక, కొలిచిన అంకె కొన్ని చోట్లను కొట్టివేస్తుందే తప్ప ఒక్క చోటిని వేలు పెట్టి చూపదు.

మూలకం కంటే ముందు పన్ను

ఏ మూలకం అన్న చర్చ కంటే ముందు, శరీరంలోని ఏ భాగం అన్నది తేల్చుకోవాలి. ఎందుకంటే ఒక్కో భాగం జీవితంలోని ఒక్కో కాలాన్ని దాచుకుంటుంది. మొదటి దవడ పన్ను ఎనామిల్ పుట్టుక సమయం నుంచి సుమారు మూడేళ్ళ లోపు తయారవుతుంది. రెండో దవడ పన్నుది సుమారు మూడు నుంచి ఏడెనిమిదేళ్ళ మధ్య, జ్ఞానదంతానిది సుమారు ఎనిమిది, తొమ్మిదేళ్ళ నుంచి పదమూడేళ్ళ దాకా సాగుతుంది. ఒకసారి గట్టిపడ్డాక ఎనామిల్ మళ్ళీ మారదు; తొంభై ఏళ్ళు బతికినా చిన్ననాటి ముద్ర అందులో అలాగే ఉంటుంది. ఎముక అలా కాదు. అది నిత్యం అరుగుతూ, మళ్ళీ కట్టుకుంటూ ఉంటుంది కనుక, తొడ ఎముక చివరి పదీ పదిహేనేళ్ళనో అంతకంటే ఎక్కువనో, పక్కటెముక చివరి కొద్ది ఏళ్ళనో చెబుతుంది. వెంట్రుక నెలకు సుమారు ఒక సెంటీమీటరు పెరుగుతుంది కనుక, దొరికే అదృష్టం ఉంటే నెలల వారీ చిట్టాలా చదువుకోవచ్చు.

ఇంగ్లండు రాజు మూడో రిచర్డు విషయంలో ఇది ఎంత స్పష్టంగా పనిచేసిందో చూడవచ్చు. 1452లో ఫోథరింగేలో పుట్టి 1485లో యుద్ధంలో చనిపోయిన ఈ రాజు ఎముకలు 2012లో లెస్టర్ పట్టణంలో దొరికాయి. రెండు పళ్ళు, తొడ ఎముక, పక్కటెముకల మీద జరిగిన పరిశోధన 2014లో వెలువడింది. అతను పుట్టిన తూర్పు ఇంగ్లండు నుంచి చిన్నతనంలోనే వానలు ఎక్కువగా పడే పడమటి వైపు వెళ్ళాడని పళ్ళు చూపాయి. పెద్దయ్యాక తూర్పుకు తిరిగి వచ్చిన సంగతి తొడ ఎముకలో కనిపించింది. పక్కటెముక దగ్గర మాత్రం ఒక చిక్కు వచ్చింది. చివరి రెండేళ్ళలో రాజుగా అతను మకాం మార్చి దూరదేశం వెళ్ళలేదని చరిత్రకు తెలుసు, అయినా ఆక్సిజన్ విలువ వేరే ప్రాంతానికి వెళ్ళినవాడిలా పెరిగింది. రాజయ్యాక విందుల్లో ద్రాక్షసారా బాగా తాగడమే కారణమని పరిశోధకులు వివరించారు. ద్రాక్షసారాలోని నీరు ఇంగ్లండు వాన నీరు కాదు, మరో దేశపు ద్రాక్షతోటది. జీవితచరిత్ర తెలిసిన మనిషి కనుక ఈ వివరణ దొరికింది. పేరూ ఊరూ తెలియని అస్థిపంజరంలో ఇదే అంకె కనిపిస్తే "వలస వచ్చినవాడు" అని రాసేసేవాళ్ళం.

ఎనామిల్‌ను ఎంచుకోవడానికి మరో కారణం మట్టి. సమాధిలో వేల ఏళ్ళు ఉన్నప్పుడు భూమిలోని నీరు ఎముకలోకి ఇంకి, తనలోని స్ట్రాన్షియాన్ని అక్కడ నింపుతుంది. ఎముకా, పంటి లోపలి డెంటినూ స్పాంజిలా ఆ నీటిని పీల్చుకుంటాయి. బరువులో 96 శాతం దాకా ఖనిజమే ఉండి, దట్టంగా అల్లుకున్న ఎనామిల్ మాత్రం చాలావరకు తట్టుకుంటుంది. ఎముక మీద స్ట్రాన్షియం కొలిస్తే మనిషి బతికిన ఊరి విలువకు బదులు, అతన్ని పాతిపెట్టిన మట్టి విలువ రావచ్చు. అప్పుడు ఎంత దూరం నుంచి వచ్చినవాడైనా స్థానికుడిగానే కనిపిస్తాడు. తక్కువ ఖర్చని ఎముక ముక్క పంపుదామనుకునేవారు ఈ ఒక్క సంగతి గుర్తుంచుకుంటే చాలు. కాలని ఎముక మీద స్ట్రాన్షియం చేయించకండి.

స్ట్రాన్షియం: రాయి చెప్పే మాట

స్ట్రాన్షియం గుణంలో కాల్షియానికి దగ్గరి చుట్టం. అందుకే రాయి అరిగి మట్టిగా, మట్టి నుంచి మొక్కగా, మొక్క నుంచి తిండిగా మారే దారిలో కాల్షియంతో పాటే వచ్చి పంటిలో చేరుతుంది. 87 భారం గల స్ట్రాన్షియానికీ 86 భారం గల దానికీ ఉన్న నిష్పత్తిని కొలుస్తారు. రాళ్ళలోని 87 భారం గల రుబీడియం చాలా నెమ్మదిగా, సుమారు 4,900 కోట్ల ఏళ్ళ అర్ధాయువుతో (ఉన్నదాంట్లో సగం మారిపోవడానికి పట్టే కాలం), స్ట్రాన్షియం-87గా మారుతుంది. కాబట్టి రుబీడియం ఎక్కువగా ఉన్న పాత గ్రానైట్ నేలల్లో ఈ నిష్పత్తి 0.710 దాటి పైకి పోతుంది. వయసులో చిన్నదైన, రుబీడియం తక్కువ ఉన్న బసాల్ట్ నేలల్లో 0.703, 0.706 మధ్య ఉంటుంది. సముద్రపు నీటిలో ప్రపంచమంతటా 0.7092. తేడా మూడో దశాంశంలోనే అయినా, యంత్రం ఐదో దశాంశం దాకా కొలవగలదు కనుక ఇది చాలా పెద్ద తేడా.

దీని బలం నేల వైవిధ్యంలో ఉంది. తెలుగు నేలనే తీసుకుందాం. హైదరాబాదు చుట్టూ, మహబూబ్‌నగర్, నల్గొండ వైపు ఉన్న గ్రానైట్, నైస్ రాళ్ళు సుమారు 250 కోట్ల ఏళ్ళ నాటివి. వాటి మీద ఎర్ర చల్క నేలలు ఏర్పడ్డాయి. వికారాబాదు పడమటి అంచున, ఆదిలాబాదు వైపున సుమారు 6.6 కోట్ల ఏళ్ళ కిందటి లావా గడ్డకట్టిన దక్కన్ బసాల్ట్, దాని మీద నల్లరేగడి ఉన్నాయి. రేగడి జొన్న తిని పెరిగిన పిల్లకూ, చల్క కొర్ర తిని పెరిగిన పిల్లకూ పంటిలో స్ట్రాన్షియం విలువ వేరుగా ఉండాలి. ఇద్దరి మధ్య దూరం రెండు రోజుల నడకే అయినా తేడా తెలుస్తుంది. ఆక్సిజన్ ఈ పని చేయలేదు. ఆ రెండు ఊళ్ళ మీదా ఒకే మేఘం కురుస్తుంది. మరోవైపు, వందల కిలోమీటర్లు ఒకే రకం రాయి పరుచుకున్న చోట, అంటే పూర్తిగా దక్కన్ బసాల్ట్ లోపలే ఒక ఊరి నుంచి ఇంకో ఊరికి వెళ్ళిన మనిషిని స్ట్రాన్షియం పట్టుకోలేదు. పెద్ద నదుల ఒండ్రు మైదానాల్లోనూ ఇదే ఇబ్బంది. గోదావరి ఒండ్రులో బసాల్ట్ ధూళీ, నైస్ ధూళీ కలిసిపోయి ఉంటాయి.

సముద్రపు ఉప్పునూ చేపనూ కూడా లెక్కలోకి తీసుకోవాలి. ఉప్పుతో, సముద్రపు చేపలతో వచ్చే స్ట్రాన్షియం పంటి విలువను 0.7092 వైపు లాగుతుంది. తీరానికి దూరంగా ఉండి కూడా ఎండుచేపలు బాగా తిన్న కుటుంబం కొంతవరకు తీరప్రాంతపు కుటుంబంలా కనిపించవచ్చు.

స్ట్రాన్షియం విషయంలో నేను అన్నిటికంటే గట్టిగా చెప్పదలచుకున్నది పోలిక నేల గురించి. పంటి విలువ ఒక్కటీ తెలిస్తే ఏమీ తెలియదు. ఆ ఊరి, చుట్టుపక్కల నేలల విలువలు తెలిస్తేనే దానికి అర్థం. డెన్మార్కులోని ఎగ్త్వెద్ యువతి కథ ఇందుకు ఉదాహరణ. 1921లో ఓక్ దుంగ శవపేటికలో దొరికిన ఈ పదహారు, పద్దెనిమిదేళ్ళ అమ్మాయి క్రీస్తుపూర్వం సుమారు 1370లో చనిపోయింది. ఎముకలు కరిగిపోయినా పళ్ళూ, వెంట్రుకలూ, గోళ్ళూ, ఉన్ని బట్టలూ నిలిచాయి. శవపేటికలో ఉంచిన పువ్వును బట్టి ఆమెను పూడ్చింది వేసవిలో అని కూడా తెలిసింది. 2015లో వెలువడిన పరిశోధన ఆమె పళ్ళలోని స్ట్రాన్షియం డెన్మార్కుది కాదనీ, జర్మనీ దక్షిణాన ఉన్న బ్లాక్ ఫారెస్ట్ వైపుదనీ, వెంట్రుకల పొడవునా ఉన్న తేడాలను బట్టి చివరి రెండేళ్ళలో ఆమె దూరప్రయాణాలు చేసిందనీ చెప్పింది. 2019లో మరో ఇద్దరు డెన్మార్కు పరిశోధకులు, పోలిక కోసం తీసిన నీటి విలువల్లోనే లోపం ఉందన్నారు. నేడు పొలాల్లో వేసే వ్యవసాయ సున్నం నీటిలోని స్ట్రాన్షియాన్ని మార్చేసిందనీ, సున్నం తగలని చోట కొలిస్తే ఆమె విలువలు ఎగ్త్వెద్ దగ్గరే దొరుకుతాయనీ చూపారు. మొదటి బృందం ఆ వాదనను ఒప్పుకోలేదు, చర్చ సాగింది. పంటి కొలత మీద ఇద్దరికీ పేచీ లేదు. పేచీ అంతా ఆ కొలతను దేనితో పోల్చాలన్నదాని మీదే.

మన దగ్గర ఈ ప్రమాదం ఇంకా ఎక్కువ. నాగార్జునసాగర్ కాలువ కింద పండిన మొక్కను పోలిక కోసం తీస్తే, ఆ మొక్కలో ఉండేది ఆ ఊరి నేల ఒక్కటే కాదు, మహారాష్ట్ర బసాల్ట్ కొండల మీదుగా వచ్చిన కృష్ణ నీటి స్ట్రాన్షియం కూడా. లోతైన బోరు నీరు పాతకాలపు మనుషులు ఎన్నడూ ముట్టని రాతిలోంచి వస్తుంది. అందుకని పోలిక నమూనాలు ఎరువూ, సున్నమూ, కాలువ నీరూ తగలని గుట్ట బోడు మీదో, పోరంబోకులోనో వానకే పెరిగిన తుమ్మ, వేప ఆకుల నుంచి తీయాలి. అదే తవ్వకంలో దొరికిన ఎలుక, పందికొక్కు పళ్ళు కానీ, పాత నత్తగుల్లలు కానీ ఉంటే ఇంకా మేలు, ఎందుకంటే ఆ జీవాలు ఊరు దాటి పెద్దగా పోవు. నాకు పది నమూనాలకు సరిపడా డబ్బే ఉంటే, మనుషుల పళ్ళు నాలుగు, పోలిక నమూనాలు ఆరు పంపుతాను.

ఆక్సిజన్: నీరు చెప్పే మాట

తాగిన నీటిలోని 18 భారం గల ఆక్సిజన్ పాలు పంటిలో నిలుస్తుంది. మేఘం సముద్రం నుంచి లోపలికీ, కొండల పైకీ, చలి ప్రాంతాల వైపుకీ పోయేకొద్దీ బరువైన ఆక్సిజన్ ముందే వానగా కురిసిపోతుంది కనుక, ఆ చోట్ల నీటిలో అది తగ్గుతుంది. అంటే ఆక్సిజన్ శీతోష్ణాన్నీ, ఎత్తునూ, సముద్రం నుంచి దూరాన్నీ చెబుతుంది. వెచ్చని తీరం నుంచి చలి కొండలకు వచ్చిన మనిషి మీ ప్రశ్న అయితే ఆక్సిజన్ స్ట్రాన్షియం కంటే ముందు నిలుస్తుంది. 2002లో ఇంగ్లండులోని పురాతన రాళ్ళ వలయం స్టోన్‌హెంజ్‌కు సుమారు 5 కిలోమీటర్ల దూరంలో దొరికిన ఏమ్స్‌బరీ విలుకాడిని బయటివాడిగా పట్టించింది ఆక్సిజనే. క్రీస్తుపూర్వం సుమారు 2300 నాటి ఆ మనిషి, బంగారు ఆభరణాలతో, రాగి కత్తులతో, బాణపు ములుకులతో పూడ్చబడ్డాడు. అతని పళ్ళలోని విలువలు బ్రిటన్ కంటే చల్లని ప్రాంతాన్ని, బహుశా ఆల్ప్స్ పర్వతాల చుట్టుపక్కలను సూచించాయి. పక్కనే దొరికిన, అతనికి బంధువై ఉండగల యువకుడు మాత్రం ఆ ప్రాంతంలోనే పెరిగాడని తేలింది.

అయితే ఆక్సిజన్‌కు అడ్డంకులు ఎక్కువ. తల్లిపాలలో బరువైన ఆక్సిజన్ ఎక్కువగా ఉంటుంది కనుక, పాలు తాగే వయసులో తయారైన మొదటి దవడ పన్ను ఈ పరీక్షకు తగదు. రెండోదో, జ్ఞానదంతమో తీసుకోవాలి. నీటిని కాచినా, గంజి వండినా, కల్లు, సారా పులియబెట్టినా విలువ పెరుగుతుంది. పంటి విలువను సూత్రంతో తాగునీటి విలువగా మార్చినప్పుడు వచ్చే అనిశ్చితి, పోల్చదలచుకున్న రెండు ప్రాంతాల తేడా కంటే పెద్దది కావచ్చు. అందుకే పంటి విలువలను పంటి విలువలతోనే పోల్చడం మంచిది. పంటి ఖనిజంలోని ఫాస్ఫేట్ భాగం నుంచి కొలిచారా, కార్బొనేట్ భాగం నుంచి కొలిచారా అన్నది చూడకుండా రెండు ప్రయోగశాలల అంకెలను ఒకే పట్టికలో కలపకూడదు.

ఇక మన దేశపు మాట. దక్కనులో ఆక్సిజన్ మీద పెద్ద భారం మోపకూడదన్నది నా అభిప్రాయం. రుతుపవనాల వాన ఏడాదికేడాది మారుతుంది. అంతకంటే పెద్ద చిక్కు చెరువు. శ్రావణంలో నిండిన చెరువు వైశాఖం నాటికి అడుగంటుతుంది. ఎండకు తేలిక నీరు ముందు ఆవిరై పోతుంది కనుక, మిగిలిన నీటిలో బరువైన ఆక్సిజన్ బాగా పెరుగుతుంది. ఒకే ఊళ్ళో చెరువు నీరు తాగిన ఇంటి పిల్లకూ, ఊటబావి నీరు తాగిన ఇంటి పిల్లకూ వేరువేరు దేశాల వాళ్ళంత తేడా రాగలదు. ఐరోపాలో రాసిన పద్ధతిని యథాతథంగా ఇక్కడ వాడితే, ఊరివాళ్ళనే వలసదారులుగా లెక్కకట్టే ప్రమాదం ఉంది. స్ట్రాన్షియంతో కలిపి చూసినప్పుడు, రెండూ ఒకే వైపు మొగ్గితే మాత్రం ఆక్సిజన్ మంచి సాక్షి.

సీసం, గంధకం, మిగతావి

సీసానికి నాలుగు ఐసోటోపులు ఉన్నాయి కనుక ఒక్క అంకెకు బదులు ఒక జాడ దొరుకుతుంది. స్ట్రాన్షియం తేడా చూపలేని ఒండ్రు మైదానాల్లో ఇది ఎంతో అక్కరకు వస్తుంది. సింధు నాగరికతకు చెందిన హరప్పా, హర్యానాలోని ఫర్మానా శ్మశానాల మనుషుల పళ్ళ మీద సీసాన్నీ స్ట్రాన్షియాన్నీ కలిపి చేసిన పరిశోధన 2015లో వెలువడింది. అక్కడ పూడ్చినవారిలో చాలామంది చిన్నతనంలోనే వేరే ప్రాంతాల నుంచి వచ్చినవారని అది చూపింది. నగరంలో పూడ్చారు కాబట్టి నగరంలో పుట్టారనుకునే అలవాటును అది కదిపింది. అయితే గనులూ, సీసపు గొట్టాలూ, లోహపు పాత్రలూ పెరిగిన రోమను కాలం వంటి సమాజాల్లో పంటిలోని సీసం రాయి నుంచి కాకుండా కొలిమి నుంచి వస్తుంది. అప్పుడది పుట్టిన నేలను కాక, ఏ సమాజపు లోహాన్ని వాడాడన్నదాన్ని చెబుతుంది. లోహం వాడకం కొద్దిగా ఉన్న కాలానికి సీసాన్ని ఎంచుకోండి. తర్వాతి కాలాలకైతే పంటిలో సీసం ఎంత ఉందో ముందు కొలిపించి, ఎక్కువ ఉంటే నేల గురించిన మాట వదిలేయండి.

గంధకం ఎముకలోని మాంసకృత్తు అయిన కొల్లాజెన్‌లో ఉంటుంది. తీరప్రాంతంలో సముద్రపు తుంపర వల్ల దాని విలువ సముద్రానికి దగ్గరగా ఉంటుంది, లోపలికి పోతే రాయిని బట్టి మారుతుంది. పెద్దయ్యాక తీరం నుంచి లోపలికి వచ్చాడా అన్న ప్రశ్నకు ఎనామిల్ జవాబు ఇవ్వదు, గంధకం ఇస్తుంది. కానీ మన వేడి నేలల్లో కొల్లాజెన్ నిలవడమే అరుదు.

కర్బనం, నత్రజని పుట్టిన చోటును నేరుగా చెప్పవు; అవి తిండిని చెబుతాయి. వరి, గోధుమ, ఉలవ, పెసర ఒక రకం కిరణజన్య సంయోగ పద్ధతి పాటించే మొక్కలు. జొన్న, సజ్జ, రాగి, కొర్ర మరో రకం. కర్బన విలువలో ఈ రెండింటి మధ్య వెయ్యింట సుమారు 14 వంతుల తేడా ఉంటుంది. అందరూ కొర్రా జొన్నా తిన్న శ్మశానంలో ఒక్కరు మాత్రం చిన్నప్పుడు వరి తిని పెరిగినట్టు కనిపిస్తే, స్ట్రాన్షియం చెప్పిన అనుమానానికి బలం వస్తుంది. ఒక జాగ్రత్త మాత్రం అవసరం: మన పచ్చిక బయళ్ళలోని గడ్డి కూడా చాలావరకు జొన్న రకందే కనుక, ఆ గడ్డి మేసిన ఆవు పాలు తాగినవాడు జొన్న తినకపోయినా జొన్న తిన్నవాడిలా కనిపిస్తాడు. కొల్లాజెన్ నుంచి కొలిస్తే, కర్బన నత్రజని పరమాణువుల నిష్పత్తి 2.9, 3.6 మధ్య ఉందో లేదో చూడండి. ఆ హద్దు దాటితే కొల్లాజెన్ చెడిందని అర్థం, ఆ ఫలితాన్ని పక్కన పెట్టాలి.

డీఎన్ఏనా, ఐసోటోపా

ఈ రెండింటినీ ఒకదానికొకటి ప్రత్యామ్నాయంగా చూడడం తరచూ కనిపించే పొరపాటు. డీఎన్ఏ తాతముత్తాతలు ఎవరో చెబుతుంది, ఐసోటోప్ ఆ మనిషి ఎక్కడ పెరిగాడో చెబుతుంది. ఉత్తరాఖండ్‌లో దాదాపు 5,000 మీటర్ల ఎత్తున ఉన్న రూప్‌కుండ్ సరస్సు అస్థిపంజరాల కథ ఇందుకు చక్కని ఉదాహరణ. హైదరాబాదులోని జీవశాస్త్ర పరిశోధన సంస్థ సీసీఎంబీ శాస్త్రవేత్తలు కూడా పాల్గొని 2019లో వెలువరించిన పరిశోధనలో 38 మంది డీఎన్ఏ చదివారు. వారిలో 23 మంది నేటి భారతీయులకు దగ్గరి వంశం వారు, 14 మంది తూర్పు మధ్యధరా ప్రాంతపు వంశం వారు, ఒకరు ఆగ్నేయాసియా వంశం వారు అని తేలింది. అందరూ ఒకేసారి చనిపోలేదనీ, రెండు గుంపుల మధ్య సుమారు వెయ్యేళ్ళ ఎడం ఉందనీ కూడా తెలిసింది. కర్బన ఐసోటోపులను బట్టి మధ్యధరా వంశం వారి తిండిలో చిరుధాన్యాలు పెద్దగా లేవు, భారతీయ వంశం వారి తిండి రకరకాలుగా ఉంది. ఇంత తెలిసినా, ఆ మధ్యధరా వంశం వారు అక్కడ పుట్టి ప్రయాణంలో వచ్చారా, లేక ఇక్కడే పుట్టి పెరిగిన కుటుంబాల వారా అన్న ప్రశ్నను డీఎన్ఏ తేల్చలేదు. చిరుధాన్యం తినలేదన్నంత మాత్రాన కర్బనమూ తేల్చలేదు. అది తేల్చగల సాక్షి పంటి ఎనామిల్‌లోని స్ట్రాన్షియం, ఆక్సిజన్‌లే.

రెండూ కలిస్తే ఏమవుతుందో దక్షిణ జర్మనీలోని లెఖ్ నది లోయ చూపింది. క్రీస్తుపూర్వం 2500, 1650 మధ్య అక్కడ పూడ్చిన 84 మంది మీద 2017లో వెలువడిన పరిశోధనలో, స్త్రీలలో ఎక్కువమంది బయట పెరిగి పెద్దయ్యాక వచ్చినవారనీ, పురుషులు ఎక్కువగా అక్కడివారేననీ తేలింది. అత్తవారింటికి తరలి వెళ్ళే ఆచారం నాలుగు వేల ఏళ్ళ కిందటి పళ్ళలో అలా నిలిచి ఉంది. మీ ప్రశ్న వంశం గురించి అయితే డీఎన్ఏ, పెరిగిన చోటు గురించి అయితే ఐసోటోప్, పెళ్ళిళ్ళూ కుటుంబాల గురించి అయితే రెండూ కావాలి. వేడి ప్రాంతాల్లో డీఎన్ఏ చాలాసార్లు చెడిపోతుంది, ఎనామిల్ నిలుస్తుంది; అదీ ఎంపికలో ఒక కారణమే.

కాల్చిన ఎముకలు దొరికితే

దహనం చేసిన శరీరంలో ఎనామిల్ పగిలి తునకలవుతుంది, డీఎన్ఏ మిగలదు, కొల్లాజెన్ కాలిపోతుంది, ఆక్సిజన్, కర్బనాల విలువలు మారిపోతాయి. స్ట్రాన్షియం ఒక్కటే మిగులుతుంది. తెల్లగా సున్నంలా కాలిన ఎముక నిర్మాణం గట్టిపడి, తర్వాత మట్టి నీటిని లోపలికి రానివ్వదు. పచ్చి ఎముకకు ఇప్పుడే వద్దన్న స్ట్రాన్షియం, కాలిన ఎముకకు మాత్రం నమ్మదగినది. స్టోన్‌హెంజ్ దగ్గర దహనం చేసి పూడ్చిన 25 మంది మీద 2018లో వెలువడిన పరిశోధన ఇలాగే సాధ్యమైంది. వారిలో కనీసం 10 మంది ఆ సున్నపు నేల మీద బతికినవారు కాదనీ, వారి విలువలు ఆ వలయంలోని నీలిరాళ్ళు వచ్చిన పశ్చిమ వేల్స్ సహా బ్రిటన్ పడమటి భాగంతో సరిపోతున్నాయనీ తేలింది. ఇక్కడ ఎముకల్లో ఎంపిక చేసుకునే వీలుంటే, లోపలి చెవిని దాచే గట్టి కణత ఎముకను తీయండి. అది రెండేళ్ళ లోపు తయారై మళ్ళీ పెద్దగా మారదు కనుక, కాలిన శరీరంలో పసితనాన్ని చెప్పగల భాగం అదే. పక్కటెముక చివరి ఏళ్ళను చెబుతుంది. రెండూ పంపితే ఒకే మనిషి జీవితపు రెండు చివరలూ దొరుకుతాయి.

మన రాక్షస గుళ్ళ పళ్ళకు

మన ఊళ్ళలో రాక్షస గుళ్ళని పిలిచే ఇనుప యుగపు సమాధుల్లో, సిద్దిపేట జిల్లా నర్మెటలో 2017లో తవ్విన వాటి లాంటి వాటిలో, సాధారణంగా దొరికేది తునిగిన ఎముకలూ కొన్ని పళ్ళూ. ఒకే గుడిలో ఒకరి కంటే ఎక్కువ మంది ఎముకలు కలిసి ఉండడమూ కద్దు. కాబట్టి మొదటి పని పళ్ళను మనిషి వారీగా విడదీయడం. ఎడమ వైపు కింది వరుసలోని రెండో దవడ పన్ను అని ఒకటే స్థానం ఎంచుకుని, అన్ని సమాధుల్లోంచీ అదే తీస్తే ఒకే మనిషిని రెండుసార్లు కొలిచే పొరపాటు జరగదు. రెండో దవడ పన్ను స్ట్రాన్షియానికీ ఆక్సిజన్‌కూ రెండింటికీ పనికివస్తుంది. అదే మనిషి మొదటి దవడ పన్ను, జ్ఞానదంతం కూడా దక్కితే వాటి మీద స్ట్రాన్షియం చేయించండి. పసితనం, బాల్యం, యౌవనపు అంచు మూడూ వేరువేరుగా కనిపిస్తాయి.

కోసే ముందు పంటి ఫోటోలు, కొలతలు, అచ్చు తీసి ఉంచాలి. తర్వాత సన్నని డ్రిల్లుతో పై పొరను తుడిచి, పక్క నుంచి నిలువుగా ఒక పట్టీ మాత్రమే తీయాలి. లోపల పసుపు పచ్చగా కనిపించేది డెంటిన్. దాన్ని పూర్తిగా గీకివేసి, పాలరాయిలా మెరిసే ఎనామిల్‌ను మాత్రమే మిగల్చాలి. పది, ఇరవై మిల్లీగ్రాములుంటే స్ట్రాన్షియానికి చాలు, ఆక్సిజన్ కార్బొనేట్‌కు అంతకంటే తక్కువ చాలు. మిగిలిన పంటిని పేరు రాసిన డబ్బాలో వెనక్కి ఇవ్వాలని ప్రయోగశాలతో ముందే రాతపూర్వకంగా మాట్లాడుకోండి. డెంటిన్ పొడిని కూడా పారవేయనివ్వకండి. దాన్ని విడిగా కొలిపించితే సమాధి మట్టి విలువ తెలుస్తుంది. ఎనామిల్ విలువ దానికి దూరంగా ఉంటే, ఎనామిల్ చెడలేదన్నదానికి అది మీ చేతిలోని ఆధారం.

ఫలితాలు వచ్చాక సగటుకు రెండు ప్రామాణిక విచలనాల (అంకెలు సగటు చుట్టూ ఎంత చెదిరాయో చెప్పే కొలత) హద్దు గీసి, బయట ఉన్నవారందరినీ వలసదారులనడం ఒక వాడుక. కొద్దిమంది పళ్ళే ఉన్నప్పుడు ఆ గీతను నేను నమ్మను. అంకెలను వరుసలో పేర్చి, ఎక్కడ సహజమైన ఎడం ఉందో చూసి, ఆ ఎడం ఏ నేలల మధ్య తేడాకు సరిపోతుందో పోలిక నమూనాలతో సరిచూడడం మేలు. చల్క నేలలోని గుడిలో ఒక్క పన్ను బసాల్ట్ విలువ చూపితే, ఆ మనిషి చిన్నతనంలో రేగడి నేల మీద, లేదా అదే విలువ గల మరో నేల మీద పెరిగినట్టు రాయండి. ఊరి పేరు రాయకండి.